పేరు పెట్టే హక్కు

1

గత సంవత్సరం ఒకనాటి మధ్యాహ్నం మా కళాశాలలో, ఉపాధ్యాయులం కూర్చునే గదిలో, పేర్లను గురించి చర్చ వచ్చింది. ప్రాచీన చరిత్రమీద మక్కువ గల మిత్రుడొకరు, ఈజిప్టులో పదకొండుమంది రాజులకు రామెసెస్ అనే పేరుంది గనుక రాముడి కీర్తి నైలునది దాకా వ్యాపించి ఉండాలన్నారు. అంతటితో ఆగక, అబ్రాహాము అంటే బ్రహ్మ అనీ, శారా అంటే సరస్వతి అనీ కూడా సెలవిచ్చారు. పక్కనే ఉన్న మరొక మిత్రుడు క్రైస్తవుడు. ఆయన ఇందుకు నొచ్చుకుని, బైబిలులోని పేర్లు దేవుడు ఏర్పరచుకున్న జాతి సొంత పేర్లనీ, వాటిలో పరాయి భాష మచ్చుకైనా లేదనీ వాదించారు. ఇంతలో గంట కొట్టారు. ఎవరి తరగతికి వారు వెళ్ళిపోయారు.

నేనూ వెళ్ళాను. ఆరోజు స్కాలర్‌షిప్ దరఖాస్తులు సరిచూడవలసిన పని కూడా ఉంది. వరసగా చదువుతూ ఒక విద్యార్థి తండ్రి పేరు పైకి చదివాను: పెంటయ్య. వెనక బెంచీలలో నవ్వు పుట్టి ముందుకు పాకింది. ఆ అబ్బాయి తలవంచుకున్నాడు. నేను తరవాతి దరఖాస్తు తీశాను. ఆ పేరును నలుగురిలో చదివినవాణ్ణీ, నవ్వు విని ఊరుకున్నవాణ్ణీ నేనే కాబట్టి అందులో నాకూ భాగముంది.

ఆ రెండు వాదాలకూ ఈ నవ్వుకూ మూలం ఒకటే అని నాకు తరవాత తోచింది. పేరును జాతి రక్తానికో, మతం స్వచ్ఛతకో, మనిషి స్థాయికో ముద్రగా తీసుకోవడమే ఆ మూలం. పేరు రక్తాన్ని చెప్పదు. ఎవరు ఎవరితో కలిసి బతికారో, ఎవరికి ఎవరు పేరు పెట్టగలిగారో మాత్రం అది చెబుతుంది. ప్రాచీన ఈజిప్టు పేర్లనూ, బైబిలులోని హీబ్రూ పేర్లనూ పరిశీలిస్తే ఈ సంగతి స్పష్టపడుతుందని నా మనవి.

2

రామెసెస్ పేరుకు అర్థం చెప్పడానికి ఊహ అక్కరలేదు. ఈజిప్టు లిపి రహస్యం తెరుచుకున్నది చాలావరకు ఆ పేరుతోనే. 1822 సెప్టెంబరులో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ చేతికి అబూ సింబెల్ ఆలయం గోడలమీది రాతల ప్రతులు వచ్చాయి. రాజుల పేర్ల చుట్టూ గీసే కోడిగుడ్డు ఆకారపు గీతలో ఒక సూర్యబింబం, తరవాత ఒక గుర్తు, చివర రెండు 'స'కారాలు కనిపించాయి. ఈజిప్టు క్రైస్తవులు ఆరాధనలో నిలుపుకున్న కోప్టిక్ భాష ఆయనకు బాగా తెలుసు. అందులో సూర్యుడు 'రే'. నడిమి గుర్తు రొసెట్టా శిలమీద పుట్టుకను చెప్పే చోట ఉంది. కోప్టిక్‌లో కనడానికి మాట 'మిసే'. ఇవి కలిపి చదివితే రామెసెస్ వచ్చింది. మరొక పేరులో సూర్యబింబానికి బదులు తోత్ దేవుడి కొంగను చూసి, అదే గుర్తుతో తుత్మోస్ అని చదివాడు. శతాబ్దాల తరబడి మూగపడిన భాష రెండు పేర్లతో నోరు విప్పింది.

రామెసెస్ అంటే 'రా దేవుడు కన్నవాడు'. ఈ పేరును విడదీయవలసింది 'రా' దగ్గర. 'రామ' దగ్గర కాదు. 'మ' అనే అక్షరం కనడాన్ని చెప్పే ధాతువు సొత్తు. సంధి విడదీయడం తెలిసిన విద్యార్థి ఎవడైనా ఈ తేడా పట్టగలడు. అబ్రాహాము మొదటి పేరు అబ్రాము: 'అబ్' అంటే తండ్రి, 'రామ్' అంటే ఉన్నతుడు. ఇందులోని 'బ'కారం తండ్రిని చెప్పే మాటలోది. మన బ్రహ్మ శబ్దానికి పెరగడాన్ని చెప్పే సంస్కృత ధాతువు మూలం. శారా అంటే రాజకుమారి. బాబిలోను ప్రాంతపు అక్కాదు భాషలో రాణిని 'శర్రతు' అనేవారు. సరస్వతి సరస్సులు గలది. ధ్వనులు పక్కపక్కన నిలబడినంత మాత్రాన చుట్టరికం ఏర్పడదు. లిపి, ధాతువు, కాలం, ప్రజల రాకపోకలు ఈ నాలుగూ సాక్ష్యం పలికితే తప్ప ఒక పేరును మరొక పేరుకు బంధువనరాదు.

3

ఇక రెండవ మిత్రుడి వాదం. హీబ్రూ ప్రజలకు మోషేకన్న గొప్ప పేరు లేదు. ఏటిలో దొరికిన బిడ్డను ఫరో కుమార్తె పెంచుకుని, నీటిలోనుంచి తీశాను గనుక మోషే అని పేరు పెట్టిందని నిర్గమకాండం చెబుతుంది. హీబ్రూలో 'మాషా' అంటే బయటికి తీయడం. అయితే వ్యాకరణం ప్రకారం మోషే అన్న రూపానికి 'తీసేవాడు' అని అర్థం రావాలి గాని, 'తీయబడినవాడు' అని కాదు. అదీగాక, ఈజిప్టు రాజకుమారి తన పెంపుడు బిడ్డకు వెట్టిచాకిరి చేసేవాళ్ళ భాషలో పేరెందుకు పెడుతుంది? కథ చెప్పినవారు తమకు తెలిసిన మాటతో, తెలియని పేరుకు అర్థం చెప్పుకున్నారన్నమాట. పరిశోధకులలో అధిక సంఖ్యాకులు మోషేను రామెసెస్, తుత్మోస్, అహ్‌మోస్ పేర్లలోని 'మోసే'గానే గుర్తించారు. దేవుడి పేరు రాలిపోయి 'కన్నవాడు' అనేంతవరకే మిగిలిన పొట్టి పేర్లు ఈజిప్టులోనూ వాడుకలో ఉండేవి. రామెసెస్ పేరును హీబ్రూవారు ఒక 'స'కారంతో, మోషేను మరొక 'ష'కారంతో రాశారన్న ఆక్షేపణ ఉంది. రెండు పేర్లూ వేర్వేరు కాలాలలో ఆ భాషలోకి వచ్చాయన్నది దానికి చెప్పే సమాధానం.

అమెరికా చరిత్రకారుడు బ్రెస్టెడ్ 1933లో ఈ సంగతి ఎత్తిచూపాడు. ఫ్రాయిడ్ దాన్ని ఆధారం చేసుకుని 1939లో అచ్చయిన పుస్తకంలో మోషే పుట్టుకతోనే ఈజిప్టువాడని వాదించాడు. పేరు మోయగలిగిన బరువుకన్న ఎక్కువ బరువు ఆయన దానిమీద పెట్టాడని నా అభిప్రాయం. మన పల్లెల్లో మోషే అనే పేరు గలవాళ్ళు ఎందరో ఉన్నారు. వారి పేరు ఈజిప్టుది, దారి హీబ్రూ, మనుషులు తెలుగువాళ్ళు. ఆనాటి మోషేకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది.

మోషే ఒక్కడే కాదు. ఆయన అన్న అహరోను మనుమడు ఫీనెహాసు. ఈజిప్టు భాషలో 'పా నెహెసీ' అంటే నూబియావాడు, దక్షిణాదిన నల్లని వన్నె గల ప్రజలకు చెందినవాడు. అఖెనాతెన్ రాజు కొత్త రాజధాని అమర్నాలో ఇదే పేరు గల పూజారి సమాధి ఉంది. పదకొండవ రామెసెస్ కాలంలో నూబియాను ఏలిన రాజప్రతినిధి పేరు కూడా ఇదే. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్ళాడినందుకు అహరోను, మిర్యాములు సణిగారని సంఖ్యాకాండంలో ఉంది. కూషు అంటే ఆ నూబియాయే. అహరోను ఇంట్లోనే 'నూబియావాడు' అనే పేరు గల మనుమడు పూజారి అయ్యాడు. ఏలీ కొడుకు హొఫ్నీ పేరుకు ఈజిప్టు భాషలో తోకకప్ప అని అర్థం. హీబ్రూవారిలో ఇటువంటి ఈజిప్టు పేర్లు ఎక్కువగా కనిపించేది లేవీయులలో, అంటే దేవాలయాన్ని కాపాడిన వంశంలో. స్వచ్ఛత ఎక్కడ ఎక్కువగా ఉండాలని మిత్రుడు ఆశించాడో అక్కడే మేళనం ఎక్కువ.

సూసన్న పేరు మరీ అందమైనది. నైలునదిలో పూచే కలువను ఈజిప్టువారు 'సెషెన్' అన్నారు. అది హీబ్రూలో షోషన్ అయింది. అరబీలో సౌసన్ అయింది. గ్రీకు గుండా యూరపు చేరి సుసాన్ అయింది. మన ఊళ్ళలోని సూసన్నమ్మ పేరులో నాలుగు వేల ఏళ్ళనాటి కలువపువ్వు ఉంది.

4

ఇంతవరకు చెప్పినది పేర్ల వలస. వలస లేకుండానే రెండు దేశాలలో ఒకే రకం పేర్లు పుట్టడం ఇంకొకటి. ఈ రెంటినీ కలిపివేయడం వల్లనే 'అంతా మనదే' అనే వాదాలు పుడుతున్నాయి.

ఆదికాండంలో యోసేపు మామ పేరు పోతీఫెర. ఈజిప్టు భాషలో అది 'రా ఇచ్చినవాడు'. హీబ్రూలో నతనయేలు, మత్తన్యా పేర్లకు దేవుడు ఇచ్చిన బిడ్డ అనే అర్థం. గ్రీకులో థియోడోరస్, మనకు దేవదత్తుడు. వీటిలో ఒకదానినుంచి ఒకటి పుట్టలేదు. చాలా ప్రార్థనలమీద కలిగిన బిడ్డకు తల్లిదండ్రులు ఏ దేశంలోనైనా ఇంతకన్న వేరే పేరు పెట్టలేరు. క్రీ. పూ. మొదటి సహస్రాబ్దిలో ఈజిప్టులో ఒక వింత తరహా పేరు బాగా వ్యాపించింది: 'వీడు బతుకుతాడని ఆమున్ చెప్పాడు' అనే వాక్యమే పేరు. తల్లి గుడికి వెళ్ళి ప్రశ్న అడిగితే వచ్చిన జవాబును బిడ్డకు జీవితాంతం తొడిగారన్నమాట. ఆ జవాబుకోసం ఎంత భయపడుతూ నిలబడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పెంటయ్య పేరు ఈ భయంలోనుంచే వచ్చింది. పుట్టిన పిల్లలు పుట్టినట్లే పోతూ ఉంటే, తరవాతి బిడ్డను పెంటకుప్పమీద పెట్టి, ఎవరికీ అక్కరలేనివాణ్ణి ఏరుకున్నట్లు ఇంటికి తెచ్చి పెంటయ్య, పెంటమ్మ అని పిలుచుకోవడం మన ఆచారం. తవుడు ఇచ్చి కొన్నట్లు నటించి తవిటయ్య అన్నా అదే. మృత్యువు కళ్ళు కప్పాలని పేదవాడు పన్నిన ఉపాయమిది. రోమను పాలననాటి ఈజిప్టు పత్రాలలో కొప్రెయుస్ అనే పేరు తరచు వస్తుంది. గ్రీకులో 'కొప్రోస్' అంటే పెంట. కుప్పమీద పారవేసిన పసికందులను ఎవరో తీసుకుని పెంచుకుంటే వచ్చిన పేరని కొందరు పండితులంటారు. దిష్టి తగలకుండా తల్లిదండ్రులే పెట్టిన పేరని మరికొందరు. ఏది నిజమైనా, మన పెంటయ్యకూ ఆ కొప్రెయుస్‌కూ మధ్య ఏ రాజూ దండెత్తలేదు, ఏ మతమూ వ్యాపించలేదు. ఇద్దరినీ కలిపేది పసిపిల్లల చావు.

5

తల్లిదండ్రులు పెట్టిన పేరులో ఆశో భయమో ఉంటుంది. రాజు పెట్టిన పేరులో అధికారం ఉంటుంది. నాలుగవ ఆమెన్‌హోతెప్, అంటే 'ఆమున్ తృప్తిచెందాడు' అనే పేరు గలవాడు, తన పాలన అయిదవ ఏట ఆ దేవుణ్ణి వదిలి అఖెనాతెన్ అయ్యాడు. దేశమంతటా గోడలమీద ఆమున్ పేరును ఉలులతో చెక్కించివేశాడు. తన తండ్రి పేరు కూడా ఆమెన్‌హోతెపే గనుక అక్కడా ఉలి తగిలింది. ఆయన తరవాత వచ్చిన బాలరాజు తుతన్‌ఖాతెన్ మళ్ళీ తుతన్‌ఖామున్ అయ్యాడు. దేవుడు మారితే రాజు పేరు మారింది; పూజారుల పలుకుబడి తిరిగి వస్తే మళ్ళీ మారింది. మూడవ రామెసెస్‌ను చంపడానికి కుట్రపన్నిన వారి విచారణ పత్రంలో ఒకడి పేరు 'రా ఇతన్ని ద్వేషిస్తాడు' అని ఉంది. ఏ తల్లీ బిడ్డకు అటువంటి పేరు పెట్టదు. న్యాయస్థానం అతడి అసలు పేరును తలకిందులు చేసి శిక్షలో భాగం చేసింది.

హీబ్రూ రాజుల విషయంలో ఇది మరీ తేటగా కనిపిస్తుంది. క్రీ. పూ. 609లో ఫరో నెకో యూదా రాజ్యంలో ఎల్యాకీమును గద్దెనెక్కించి యెహోయాకీము అని పేరు మార్చాడు. మొదటి పేరుకు 'దేవుడు నిలుపును' అనీ, రెండవదానికి 'యెహోవా నిలుపును' అనీ అర్థం. ఈజిప్టు రాజు తన దేవుడి పేరు పెట్టలేదు. యూదుల దేవుడి పేరే పెట్టాడు. అర్థం దాదాపు మారలేదు. మారినది పేరు పెట్టిన చేయి. 597లో బాబిలోను రాజు నెబుకద్నెజరు మత్తన్యాను సిద్కియాగా మార్చినప్పుడూ ఇదే జరిగింది. తల్లిదండ్రులు ఇచ్చిన పేరును నేను తీసివేయగలను అని చెప్పడమే ఆ తతంగంలోని సారాంశం. బాబిలోను కొలువులో దానియేలు బెల్తెషాజరు కావడం కూడా ఈ కోవకు చెందిన కథే.

అయితే ఈ ఉలి పరాయి రాజుల చేతిలోనే ఉన్నదనుకోరాదు. సౌలు కొడుకు పేరు దినవృత్తాంతాల గ్రంథంలో ఎష్బయలు, అంటే బయలు మనిషి. సమూయేలు గ్రంథంలో అతడే ఇష్బోషెతు. 'బోషెతు' అంటే సిగ్గు. బయలు అన్న మాటకు మొదట ప్రభువు అనే అర్థం. తరవాతి కాలపు మతాధికారులకు ఆ దేవుడు శత్రువయ్యాడు గనుక, చచ్చిపోయిన రాజకుమారుడి పేరులోనుంచి దేవుణ్ణి తీసి సిగ్గును పెట్టారు. మట్టి మాత్రం దిద్దుబాటుకు లొంగలేదు. 1910లో సమరియ తవ్వకాలలో ద్రాక్షసారాయి, నూనె లెక్కలు రాసిన పెంకులు బయటపడ్డాయి. వాటిలో యెహోవా పేరు కలిసిన పేర్లూ, బయలు పేరు కలిసిన పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. 2012లో ఖిర్బెత్ కెయాఫా అనే చోట సుమారు మూడు వేల ఏళ్ళనాటి కుండమీద ఎష్బయలు అన్న పేరే దొరికింది. అతడు సౌలు కొడుకు కాడు, మరెవరో. కాని ఆ కాలంలో ఆ పేరు పెట్టుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదని ఆ కుండ చెబుతోంది.

6

రాజులకైనా పేరు పోతే గద్దె దక్కింది. బానిసకు ఏం దక్కింది? అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న రెండు రకాల పత్రాలు దీనికి సమాధానం చెబుతాయి. వాటిని సేకరించినవాడు విల్బర్ అనే అమెరికన్.

మొదటిది సుమారు క్రీ. పూ. 1740 నాటి పపైరస్. ఇందులో థీబ్స్ ప్రాంతపు ఒక గొప్ప ఇంటి సేవకుల జాబితా ఉంది. హేస్ అనే పండితుడు దీన్ని 1955లో ప్రకటించాడు. తొంభైకి పైగా మనుషులు. వారిలో సగం దాకా ఆసియావారు. ప్రతివారి పేరు పక్కన పని రాశారు. ఆసియా స్త్రీలలో ఎక్కువమంది బట్టలు నేసేవారు. వీరికి తమ భాషలో ఒక పేరు, ఆపైన యజమానులు పిలిచే ఈజిప్టు పేరు ఒకటి ఉన్నాయి. వారి పిల్లల దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఈజిప్టు పేరే మిగిలింది. ఒక్క తరంలో ఒక భాష ఇంట్లోనుంచి ఎట్లా వెళ్ళిపోతుందో ఈ లెక్కల కాగితం చూపించినంత స్పష్టంగా ఏ శాసనమూ చూపించలేదు. ఆ స్త్రీలలో ఒకరి పేరు నిర్గమకాండంలోని మంత్రసాని షిఫ్రా పేరుతో సరిపోతుంది. ఇద్దరూ ఒకరే అనరాదు, కాలం కుదరదు. కాని బైబిలు కథలో వినిపించే పేరు ఈజిప్టులో పనిచేసిన నిజమైన ఆడవాళ్ళ పేరేనని తేలింది.

రెండవది క్రీ. పూ. అయిదవ శతాబ్దంలో, నైలునదిలోని ఎలిఫంటైన్ లంకలో కాపురమున్న యూదు సిపాయిల కుటుంబ పత్రాలు. విల్బర్ వీటిని 1893లో కొన్నాడు. ఆయన చనిపోయాక చాలాకాలం పెట్టెలో పడి ఉండి 1953లో వెలుగులోకి వచ్చాయి. ఇందులో తమెత్ అనే ఈజిప్టు బానిస స్త్రీ ఉంది. ఆమె యజమాని పేరు మెషుల్లాము. 449లో ఆమెను అనన్యా అనే వ్యక్తి పెళ్ళి చేసుకున్నాడు. అతడు ఆ లంకలోని యూదుల దేవాలయంలో ఉద్యోగి. పెళ్ళయినా ఆమె బానిసే. 427లో, అంటే ఇరవై రెండేళ్ళ తరవాత, ముసలివాడైన మెషుల్లాము ఆమెకూ ఆమె కూతురికీ విడుదల పత్రం రాశాడు. అది కూడా తన చావు తరవాత. ఆపైన తన కొడుకుకు కూడా వారు బిడ్డల్లా సేవ చేయాలనే షరతుతో. ఆమెను గుర్తుపట్టడానికి ఆ పత్రంలో ఒక ఆనవాలు రాశారు: ఆమె కుడిచేతిమీద మెషుల్లాము సొత్తు అని ముద్ర ఉంది. తన పేరు చెప్పుకోకముందే ఆ చేయి యజమాని పేరు చెప్పేది.

ఆ తల్లి కూతురి పేరు యెహోయిష్మ. 'యెహోవా వింటాడు' అని అర్థం. తల్లి పేరు ఈజిప్టుది, తండ్రి యూదుడు, ముద్ర యజమానిది. ఆ బిడ్డ పేరు మాత్రం మొర వినే దేవుడిది. ఆ పేరు ఎవరు ఎంచుకున్నారో పత్రం చెప్పదు. హీబ్రూ గ్రంథంలో చాలాచోట్ల బిడ్డలకు పేరు పెట్టేది తల్లులే. రాహేలు చనిపోతూ తన కొడుక్కు బెనోని, 'నా దుఃఖపు బిడ్డ' అని పేరు పెడితే, భర్త యాకోబు దాన్ని బెన్యామీనుగా మార్చాడు. తల్లి పెట్టిన పేరు ఒక్క వాక్యంపాటు బతికింది. తమెత్ కూతురి పేరు రెండువేల నాలుగువందల ఏళ్ళు నిలిచింది.

7

ఈ చరిత్రకు మన నేలమీద ఒక కొనసాగింపు ఉంది. 1876-78 కరువు తరవాత, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. అంతకుముందే ఆ ప్రాంతంలో ఈ మతాన్ని వ్యాపింపజేసిన యెర్రగుంట్ల పేరయ్య తన పాతపేరుతోనే ఉండిపోయాడు. మోషేలు, యోహానులు, సూసన్నమ్మలు తరవాతి తరాలలో విస్తారంగా వచ్చారు. ఊళ్ళో పేరు చివర 'గాడు' తగిలించి పిలిపించుకున్న మనిషికి, ఎవరి వెక్కిరింతా అంటని ఒక కొత్తపేరు దొరకడం చిన్న విషయం కాదు. పేరు మారినంతమాత్రాన కూలి పెరగలేదు, వెలివాడ ఊళ్ళోకి రాలేదు. అది నిజమే. కాని పేరు పెట్టే హక్కు మొదటిసారిగా భూస్వామి నాలుకమీదినుంచి తొలగింది. వీరయ్య, లింగమ్మల కొడుకుగా 1895లో వినుకొండలో పుట్టిన జాషువా తన పేరుతోనే తెలుగు కవిత్వంలో మహాకవిగా నిలిచాడు. ఆ పేరు యెహోషువ. 'యెహోవా రక్షించును' అని అర్థం. శివుడి పేర్లు గల తల్లిదండ్రులూ, హీబ్రూ పేరు గల కొడుకూ, తెలుగు పద్యమూ ఒక ఇంట్లో ఇమిడాయి. ఇందులో స్వచ్ఛమైనది ఏదని వెతికేవారికి ఏమీ దొరకదు.

నా మిత్రులిద్దరికీ నేను చెప్పదలచినది ఇంతే. పేర్లమీద ఏ జాతికీ పట్టా లేదు. అవి నేతపనివాళ్ళతో, సిపాయిలతో, బానిసలతో, భక్తులతో దేశాలు తిరిగాయి. తిరిగినచోటల్లా వాటిని చెరిపే ఉలీ, కాపాడుకునే తల్లీ కూడా ఉన్నారు. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో మగబిడ్డలను చంపమని ఆజ్ఞాపించిన ఫరోకు పేరు లేదు. అతడు ఎవరో పండితులు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు. ఆ ఆజ్ఞను పాటించని మంత్రసానులిద్దరి పేర్లు మాత్రం రాసి ఉన్నాయి: షిఫ్రా, పూయా.

ఈ సంవత్సరం కూడా దరఖాస్తులు వస్తాయి. పెంటయ్యగారి పేరు నేను మళ్ళీ పైకి చదవవలసి వస్తుంది. ఈసారి చదివి ఊరుకోను. ఆ పేరు ఎట్లా వచ్చిందో, ఆ ఇంట్లో అంతకుముందు ఎందరు బిడ్డలు పోతే ఆ పేరు పెట్టి ఉంటారో, నైలునది ఒడ్డున కొప్రెయుస్‌ను ఎవరు ఎత్తుకుని ఉంటారో తరగతికి చెబుతాను.